కోడి పొదుగుకొచ్చింది, ఇప్పుడేం చేయాలి?

పెరట్లో నాలుగైదు నాటు పెట్టలున్న ఇంట్లో ఏడాదికి రెండు మూడుసార్లయినా వచ్చే గొడవే ఇది. నిన్నటిదాకా చక్కగా గుడ్లు పెట్టిన పెట్ట గూట్లోంచి కదలదు, దగ్గరికెళ్తే ఈకలన్నీ విప్పి గుర్రుమంటుంది, చెయ్యి పెడితే పొడుస్తుంది. పక్కింటావిడ చూసి "వదినా, మీ పెట్టకేటైంది, మేత ముట్టడం లేదు" అంటుంది, మనకి టెన్షన్ మొదలు.

జబ్బా, పొదుగా?

ముందు ఇది తేల్చుకోండి. జబ్బు చేసిన కోడి కళ్లు మూసుకుని మూలన ముడుచుకుంటుంది, పట్టుకుంటే ఊరుకుంటుంది, కోళ్లకొచ్చే అంటురోగం కొక్కెర తెగులు (రాణిఖేత్) అయితే పచ్చగా పారుకుంటుంది, నోరు తెరిచి ఊపిరి తీస్తుంది. పొదుగు కోడి అలా కాదు, కళ్లు చురుగ్గా ఉంటాయి, రోజుకోసారి లేచి గబగబా నాలుగు గింజలు తిని, నీళ్లు తాగి, పెద్ద ముద్దలా కంపుగొట్టే రెట్ట వేసి మళ్లీ గూట్లోకి దూరిపోతుంది. పొట్ట కింద ఈకలు ఊడి చర్మం వేడిగా తగులుతుంది. ఇదంతా ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పని. నాటు పెట్ట పది పదిహేను గుడ్లు పెట్టాక, గూట్లో గుడ్లు పేరుకుంటే, వాతావరణం వెచ్చబడితే ఇలా తిరుగుతుంది. వనరాజా, గ్రామప్రియ లాంటి పెరటి పెంపకానికి తయారుచేసిన సంకర రకాలు సాధారణంగా పొదగవు, అందుకే వాటి గుడ్లని కూడా నాటు పెట్ట కిందే పెడతారు.

ఇప్పుడు మీరు తేల్చుకోవాల్సింది ఒకటే: పిల్లలు కావాలా, గుడ్లు కావాలా? రెండు రోజులు కూర్చోనిచ్చి, ఒకరోజు లేపేసి, మళ్లీ జాలిపడి వదిలేస్తే పిల్లలూ రావు, గుడ్లూ రావు, కోడి మాత్రం చిక్కిపోతుంది.

పిల్లలు వద్దు, గూడు వదలడం లేదు

కారణం తెలిసిందే, పొట్ట కింద వెచ్చదనం దొరికినంతకాలం ఆ హార్మోన్ తగ్గదు. కాబట్టి కింద నుంచి గాలి తగిలేలా చేయాలి. అడుగున కూడా వల ఉన్న పంజరమో, వెదురు తడకల గంపో తీసుకుని నాలుగు ఇటుకల మీద ఎత్తుగా పెట్టండి. లోపల గడ్డి, గోనె ఏమీ వేయకండి. నీడలో ఉండాలి, మేత, నీళ్లు ఎప్పుడూ అందాలి. మొదటి రోజే పట్టేస్తే రెండు మూడు రోజుల్లో వదిలేస్తుంది, వారం నుంచి కూర్చున్నదైతే ఇంకా పడుతుంది. సాయంత్రం బయటికి వదిలి చూడండి, మిగతా కోళ్లతో కలిసి గీరుకుంటూ తిరిగితే సరే, తిన్నగా గూటికే పోతే మళ్లీ పంజరమే. పొదుగు విరిగాక ఒకటి నుంచి మూడు వారాల్లో గుడ్డు మొదలవుతుంది.

ముక్కులో ఈక గుచ్చడం, బకెట్ నీళ్లలో ముంచడం మన ఊళ్లలో ఇంకా చేస్తున్నారు. అది కోడిని హింసపెట్టడం తప్ప మరోటి కాదు, పంజరం ఉండగా వాటి అవసరమే లేదు. అన్నట్టు రోజూ గుడ్లు తీసేసే ఇంట్లో ఈ తలనొప్పి తక్కువ.

పొదగేశాం, పిల్లలు రాలేదు

ఎక్కువమంది అడిగేది ఇదే, కారణాలు కూడా ఎక్కువే. అన్నిటికంటే ముందు పుంజు సంగతి చూడండి. కనుమకి పుంజుని కోసేసి, ఫిబ్రవరి నెలాఖరులో పెట్టిన గుడ్లని పొదగేస్తే ఏమొస్తుంది? పుంజు పోయాక సుమారు రెండు వారాలే గుడ్లలో జీవం ఉంటుంది, ఎక్కడో ఒకటీ అరా మూడో వారం దాకా. షాపులో కొన్న ఫారం గుడ్లయితే అసలు పిల్ల కట్టవు.

తర్వాతది గుడ్డు వయసు. వారం లోపు గుడ్లే పెట్టాలి. ఫ్రిజ్‌లోవి, కడిగినవి వద్దు, సన్నటి కొన కిందికి ఉండేలా చల్లటి మూలన దాచుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో మన శ్రీకాకుళం ఉక్కకి బయట పెట్టిన గుడ్డు సగం సగం పెరగడం మొదలెట్టి చచ్చిపోతుంది, కాబట్టి ఆ నెలల్లో పొదుగు విరిచేయడమే నా మాట. చలికాలం చివర పొదగేసుకుంటే హాయి.

పెట్ట కప్పగలిగినన్నే పెట్టండి, నాటు పెట్టకి పది పన్నెండు చాలు. ఆశకి పద్దెనిమిది పెడితే అంచునున్నవి వంతులవారీగా చల్లబడి అన్నీ పాడవుతాయి.

ఏడో రాత్రి చీకటి గదిలో సెల్‌ఫోన్ టార్చ్ మీద గుడ్డు మొద్దు కొన ఆనించి చూడండి. నల్లటి చుక్క చుట్టూ సాలీడు కాళ్లలా ఎర్రటి నరాలు కనబడితే పిల్ల ఉన్నట్టు. మొత్తం తేటగా ఉంటే ఖాళీ గుడ్డు, నరాల్లేకుండా ఎర్రటి గీత గుండ్రంగా ఉంటే మధ్యలో చచ్చింది, రెండూ తీసేయండి. మురిగిన గుడ్డు గూట్లో పగిలితే ఆ కంపు సంగతి అలా ఉంచి, మిగతా గుడ్లూ పోతాయి.

ఉరుములకి గుడ్లు మురిగిపోతాయని గూట్లో ఇనుప ముక్క, బొగ్గు పెడతారు. పెట్టుకుంటే పెట్టుకోండి, కానీ వానాకాలంలో అసలు దొంగ చెమ్మ. గంప కింద పీట వేసి, అడుగున పొడి ఇసుక, పైన వరిగడ్డి పరిచి, జల్లు కొట్టని మూలకి మార్చండి. మార్చేదేదైనా రాత్రిపూటే, పగలు మార్చితే పెట్ట పాత చోటుకే పోతుంది.

మధ్యలో లేచిపోయింది

చాలాసార్లు ఒంటికి పట్టిన పేలే కారణం. రెక్క కింద, తోక దగ్గర ఈకలు తీసి చూడండి, పాకుతుంటే తెలిసిపోతుంది. పొదగేసే ముందే గూట్లో ఎండు వేపాకు వేసి, పక్కన పొడి మట్టిలో బూడిద కలిపి పెడితే లేచినప్పుడల్లా అందులో పొర్లుతుంది. గుడ్లున్న గూట్లో పురుగుమందు మాత్రం కొట్టకండి.

రెండోది ఆకలి. చోళ్లు (రాగులు), గంటెలు (సజ్జలు), నూకలు, నీళ్లు గూటికి నాలుగడుగుల్లో పెట్టండి, ఒళ్లోనే పెడితే లేవదు, అక్కడే రెట్ట వేస్తుంది. లేచి ఇరవై నిమిషాలు తిరిగితే కంగారు పడక్కర్లేదు.

గుడ్లు రోజురోజుకీ తగ్గుతుంటే పందికొక్కో పామో అనుకోండి, రాత్రి గంప బోర్లించి పైన రాయి పెట్టడం తప్ప దారి లేదు. పెరుగుతుంటే? పక్క పెట్టలు అక్కడే పెట్టేస్తున్నాయి. మొదటి గుడ్ల మీద బొగ్గుతో గీత గీసి, గీత లేనివి సాయంత్రం ఏరేయండి, లేకపోతే కొన్ని ముందు పిగిలి, పెట్ట పిల్లల వెంట పోయి వెనకటి గుడ్లు చల్లారతాయి.

ఇరవై ఒకటో రోజు

పెంకు చిట్లింది, పిల్ల రాలేదు అని గోటితో ఒలవకండి, నెత్తురు కారుతుంది. చిల్లు పడ్డాక ఇరవై నాలుగు గంటలు పట్టినా మామూలే. చీమలు పట్టకుండా మాత్రం గంప చుట్టూ బూడిద గీత వేయండి. వచ్చిన పిల్లలకి పళ్లెంలో గులకరాళ్లు వేసి నీళ్లు పెట్టాలి, లేకపోతే మునిగి చస్తాయి. వారంలోపు లసోటా (కొక్కెర తెగులు రాకుండా వేసే టీకా) చుక్క కంట్లో వేయించండి. ఒక సీసాలో మన ఇంటి పిల్లలకి మించి ఎన్నో రెట్ల మందు వస్తుంది, కలిపాక రెండు గంటల్లో అయిపోవాలి, అందుకని వీధిలో కోడిపిల్లలున్న ఇళ్లన్నీ ఒకే రోజు పెట్టుకుని, పశువుల ఆసుపత్రి నుంచి ఐస్‌లో తెచ్చుకోండి.