గ్రాండ్ సీకో వాచీతో ఇబ్బందా? లోపమేదో, పనితనమేదో ముందు తేల్చుకోండి

లక్షలు పోసి కొన్న వాచీ కాస్త వింతగా కనిపించినా గుండె గుభేలుమంటుంది. సీకో కంపెనీ ఖరీదైన వాచీలైన గ్రాండ్ సీకో విషయంలో అలా కంగారు పెట్టేవాటిలో కొన్ని అసలు లోపాలే కావు, జపాను పనివారు ఏళ్ల తరబడి శ్రమపడి సాధించినవి. వాటిని ‘బాగు’ చేయించబోతేనే వాచీ నిజంగా పాడవుతుంది. కాబట్టి ముందు మీ వాచీ ఏ రకమో వెనుక మూత మీది అంకె చూసి తెలుసుకోండి. 9ఎస్‌తో మొదలైతే మెకానికల్, 9ఎఫ్ అయితే సెల్లుతో నడిచే క్వార్ట్జ్, 9ఆర్ అయితే స్ప్రింగ్ డ్రైవ్.

సెకన్ల ముల్లు టిక్కు టిక్కుమనకుండా జారిపోతోంది

9ఆర్ వాచీలో అది అలాగే జారాలి. స్ప్రింగు బలంతో సెకనుకు 8 చుట్లు తిరిగే చిన్న చక్రాన్ని, క్వార్ట్జ్ స్ఫటికం లెక్క చూసుకుంటూ, అయస్కాంతపు బ్రేకుతో అదుపులో ఉంచుతుంది. సెల్లు లేదు, కొట్టుకునే భాగమూ లేదు, ఇక టిక్కు ఎక్కడిది? ఇంజినీరు యోషికాజు అకహానేకు ఈ ఆలోచన 1977లో వస్తే, వాచీ అమ్మకానికి వచ్చింది 1999లో! నెలకు 15 సెకన్లకు మించి తేడా వస్తే తప్ప దాన్ని ఎవరికీ చూపించనక్కరలేదు.

9ఎఫ్‌లో ముల్లు రెండేసి సెకన్లు గెంతుతుంటే మాత్రం సెల్లు అయిపోవచ్చిందని అర్థం. సెల్లు మార్చేటప్పుడు మూత లోపలి రబ్బరు రింగునూ చూడాలి. కాబట్టి ఆ పని వీధి చివరి దుకాణంలో కాకుండా కంపెనీ సర్వీసు సెంటరులో చేయించండి.

ఆగిపోయింది, కదిపినా నడవడం లేదు

రోజంతా బల్ల ముందు కూర్చునేవారి చేతికి ఉన్న ఆటోమేటిక్ వాచీకి, అంటే చేతి కదలికకే స్ప్రింగు బిగిసే వాచీకి, చాలినంత కదలిక అందదు. పూర్తిగా బిగిసిన స్ప్రింగు 9ఆర్65లో 72 గంటలు, వేగంగా కొట్టుకునే 9ఎస్85లో 55 గంటలు నడుపుతుంది. శుక్రవారం సాయంత్రం తీసి పెట్టిన వాచీ సోమవారం ఉదయానికి ఆగిపోతే దాని తప్పేమీ లేదు. మన ఇళ్లలో ఒకప్పుడు హెచ్‌ఎంటీకి పొద్దున్నే కీ ఇచ్చినట్టు దీనికీ ఇవ్వండి. (జపాను కంపెనీ సిటిజన్ తోడ్పాటుతోనే హెచ్‌ఎంటీ 1961లో వాచీల తయారీకి దిగింది. ఆ రకంగా ఈ అలవాటుకు జపానుతో పాత చుట్టరికమే.) స్ప్రింగ్ డ్రైవ్ అయితే మొదటి రెండు మూడు చుట్లకే కదలదు. స్ప్రింగుకు కొంత బిగువు వచ్చేదాకా తిప్పుతూ ఉండాలి.

ముల్లు ఒక్కోసారి నల్లబడుతోంది, తెల్లని డయల్ ఇంటికొచ్చాక బూడిదరంగుగా ఉంది

ఇది వాచీలో లోపం కాదు, దాని గొప్పే అది. 1960ల మొదట్లో టోక్యోలోని గింజాలో ఉన్న వాకో దుకాణంలో, స్విస్ వాచీల పక్కన సీకో వాచీలు వెలవెలబోతున్నాయని డిజైనర్ తరో తనకా గమనించారు. ఆ బాధలోంచి పుట్టిన డిజైన్ నియమాలు 1967 నాటి 44జీఎస్ వాచీలో పూర్తి రూపం దాల్చాయి. తలాలు చదునుగా, ప్రతిబింబం వంకర పోని అద్దంలా ఉండాలి, అంచులు కత్తివాదరలా తేలాలి. అద్దం లాంటి ముల్లు ఎదురుగా దీపముంటే మెరుస్తుంది, చీకటి గోడ ఉంటే నల్లబడుతుంది. ‘స్నోఫ్లేక్’ అనే మోడల్ డయల్‌లో తెల్ల రంగే వేయలేదు. గరుకు తలం మీద వెండి పూత పూసి మంచు తెలుపు రప్పించారు. నాగానో ప్రాంతంలోని షియోజిరి కార్ఖానా చుట్టూ కురిసే మంచే దానికి నమూనా. వెండి కాబట్టి ట్యూబ్‌లైటు కింద ఒక రంగు, వరండాలో మరో రంగు. అనుమానం తీరకపోతే కిటికీ పక్కన నిలబడి మణికట్టును మెల్లగా తిప్పి చూడండి.

గీతలు పడ్డాయి

దయచేసి పాలిష్ పట్టించకండి! ఆ అద్దపు తలాలను ‘జరత్సు’ అనే పద్ధతిలో, తిరిగే పళ్లెం ముఖానికి కేసును చేత్తో ఆనించి, కోణం తప్పకుండా సానపడతారు. సల్లాజ్ అన్న పేరున్న పాత యంత్రాన్ని జపానీయులు తమ నోటికి అనువుగా పలకగా వచ్చిన మాట అది. మామూలు దుకాణంలో గుడ్డ చక్రం మీద పెడితే గీత పోతుంది, దానితోపాటు అంచూ అరిగి గుండ్రబడుతుంది. అలా అరిగి సబ్బుబిళ్లలా తయారైన ఒక కేసును నేను కళ్లారా చూశాను. సన్నగీతలను అలాగే ఉంచుకోండి. లోతైన దెబ్బ తగిలితే కంపెనీకే పంపండి, ఎంత ఆలస్యమైనా సరే.

రోజుకు నిమిషాలకు నిమిషాలు ముందుకు పోతోంది

9ఎస్ వాచీ అకస్మాత్తుగా ఇలా చేస్తే మొదట అయస్కాంతాన్నే అనుమానించాలి. వెంట్రుకంత సన్నని స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుంటే దాని పొడవు తగ్గినట్టవుతుంది, వాచీ పరుగెడుతుంది. హ్యాండ్‌బ్యాగు గుండీ, ట్యాబ్లెట్ మూత, ఫోను స్పీకరు, వీటికి కనీసం 5 సెంటీమీటర్ల దూరం ఉండాలి. దిక్సూచి పక్కన పెట్టినప్పుడు దాని సూది బాగా ఊగితే అనుమానం బలపడినట్టే. అయస్కాంతత్వం తీయించడం కొద్ది నిమిషాల పని. దానికి యంత్రమంతా విప్పి శుభ్రం చేసే ఓవర్‌హాల్ అక్కరలేదు.

తేడా రోజుకు కొద్ది సెకన్లే అయితే మరమ్మతు ఊసెత్తకండి. కంపెనీ చెప్పే +5, −3 సెకన్ల లెక్క కేసులో బిగించకముందు యంత్రానికి 17 రోజులపాటు చేసిన పరీక్షది. చేతి మీద అది కొంత మారుతుంది. ఒక వారం రాత్రుళ్లు డయల్ పైకి ఉండేలా, మరో వారం పక్కనుండే కీ కిందికి ఉండేలా పెట్టి రాసుకోండి. పగటి తేడాను రాత్రి సరిచేసే భంగిమ ఏదో మీకే దొరుకుతుంది.

తేదీ మధ్యాహ్నం మారుతోంది

పన్నెండు గంటలు ముందుకు తిప్పండి, సరిపోతుంది. తేదీ దిద్దేముందు మాత్రం ముళ్లను ఉదయం ఆరు దగ్గరకు తెచ్చుకోండి. అర్ధరాత్రి దగ్గర్లో దిద్దితే పళ్లచక్రాలు దెబ్బతింటాయి.

అద్దం లోపల తేమ

ఏసీ గదిలోంచి ఉక్కపోతలోకి వచ్చినప్పుడు అద్దం పైన పట్టే మసక తుడిస్తే పోతుంది, దానికి భయం లేదు. లోపలి మసక ఎంతకీ వీడకపోతే మాత్రం రబ్బరు రింగు పాడైందన్నమాట, లేదా కీ బయటికి లాగి మరచిపోయారన్నమాట. కీ లోపలికి నొక్కేయండి. ఫోన్లకు చేసినట్టు బియ్యం డబ్బాలో పెట్టకండి. మర్నాటిదాకా ఆగకుండా సర్వీసు సెంటరుకు తీసుకెళ్లి, మూత తీయించి ఆరబెట్టించండి. ఉప్పునీరు తగిలి ఉంటే ఆ సంగతి ముందే చెప్పండి.