బల్గేరియన్ ‘ఇ’ మీది గీత ఎక్కడ పోతోంది? సమస్య - పరిష్కారం

బల్గేరియన్‌లో సిరిలిక్ లిపి ‘ఇ’ ఒక్కటే రాస్తే ‘మరియు’ అని అర్థం. దాని నెత్తిన ఎడమ నుంచి కుడికి కిందికి వాలే చిన్న గీత పెడితే ‘ఆమెకు’, ‘ఆమె యొక్క’ అవుతుంది. ‘మైకా ఇ’లో గీత ఉంటే ‘ఆమె తల్లి’. గీత పోతే ‘తల్లి, ఇంకా...’ అని మాట సగంలో ఆగిపోతుంది. అందుకే అక్కడి వర్ణక్రమంలో ఈ గీత తప్పనిసరి. ఆ భాష రాని మనలాంటి వాళ్లు సాఫ్ట్‌వేర్ రాసేటప్పుడు దీన్ని అలంకారం అనుకుని వదిలేస్తే, చదివేవాళ్లకు ప్రతి పేజీలోనూ తప్పే కనిపిస్తుంది.

యూనికోడ్‌లో (ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే ప్రమాణం) చిన్నక్షరం 1117, పెద్దక్షరం 1037. ఈ వ్యాసంలోని అంకెలన్నీ దశాంశంలోనే ఇస్తున్నాను.

సమస్య: అక్షరం ఉండాల్సిన చోట ప్రశ్నార్థకం, లేదా &#1117; అన్న గుర్తుల వరస.

కారణం: దారిలో ఎక్కడో, అక్షరాలను బైట్లుగా దాచే విండోస్-1251 అనే పాత ఎన్‌కోడింగ్ ఉంది. అందులో ఈ అక్షరానికి చోటే లేదు. మరో పాత సిరిలిక్ పట్టిక ఐఎస్ఓ 8859-5లోనూ లేదు. యూనికోడ్ సిరిలిక్ వరసను ఆ ఐఎస్ఓ పట్టిక నమూనాలోనే పేర్చారు కాబట్టి అక్కడా ఈ గడులు ఖాళీగానే ఉండి, 1999లో 3.0 వెర్షన్‌తో నిండాయి.

పరిష్కారం: డేటాబేస్, పేజీ, ఫారం అన్నీ యూనికోడ్ ఎన్‌కోడింగ్ అయిన యూటీఎఫ్-8కి మార్చండి. &#1117; ని నేరుగా అక్షరంగా మార్చేయవచ్చు. ప్రశ్నార్థకంగా మారినదాన్ని మాత్రం ఏ ప్రోగ్రామూ ఖాయంగా వెనక్కి తేలేదు. అయితే ఒక ఆనవాలుంది. అసలు ప్రశ్నార్థకం ముందున్న మాటకు అంటుకుని ఉంటుంది. రెండు వైపులా ఖాళీ ఉండి ఒంటరిగా నిలబడితే అది దాదాపుగా పోయిన అక్షరమే. అలాంటివి వెతికి, బల్గేరియన్ తెలిసినవాళ్లకు చూపించి సరిచేయండి.

సమస్య: కంటికి సరిగ్గానే ఉంది, వెతికితే మాత్రం దొరకదు.

ఎక్కువగా తల పట్టుకునేలా చేసేది ఇదే. ఈ అక్షరాన్ని రెండు రకాలుగా నిల్వ చేయవచ్చు: 1117 అనే ఒకే సంకేతంగా, లేదా మామూలు ‘ఇ’ 1080, దాని వెనక గీత 768 అని రెండుగా. యూటీఎఫ్-8లో మొదటిది 209, 157 అనే రెండు బైట్లు; రెండోది 208, 184, 204, 128 అనే నాలుగు. తెర మీద రెండూ ఒకటే, పోలిక చేసే ప్రోగ్రాముకు వేర్వేరు. మన ఐత్వం గుర్తుకూ ఇదే కథ: 3144 ఒక్కటిగా రావచ్చు, 3142, 3158 జంటగానూ రావచ్చు. పాత మ్యాక్ ఫైల్ సిస్టమ్ హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఫైల్ పేర్లను విడగొట్టే దాచేది కాబట్టి, అక్కడి నుంచి వచ్చిన పేర్లను ముందుగా అనుమానించండి.

పరిష్కారం: లోపలికి వచ్చే ప్రతి పాఠ్యాన్నీ, వెతికే మాటనూ, విడి సంకేతాలను ఒకటిగా కలిపే ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి మార్చండి. పైథాన్ వంటి భాషల్లో దీనికి ప్రమేయం సిద్ధంగా ఉంది.

ఇక్కడే ఒక ప్రమాదం పొంచి ఉంది. గీత లేకుండా టైప్ చేసినా దొరకాలని, కొందరు అక్షరాలను విడగొట్టి గుర్తులన్నీ తీసేస్తారు. అప్పుడు నెత్తిన చిన్న వంపు ఉండే ‘ఇ క్రాట్కో’ అక్షరం కూడా మామూలు ‘ఇ’ అయిపోతుంది. అది వర్ణమాలలో స్వతంత్ర అక్షరం. యూనికోడ్ దాన్నీ 1080, వంపు 774గానే విడదీస్తుంది. 768నూ, ఉచ్చారణలో ఊత చూపే 769నూ తీయండి. 774ను ముట్టుకోవద్దు.

సమస్య: ఖాళీల మధ్య ఒంటరిగా ‘ఇ క్రాట్కో’ కనిపిస్తోంది.

కీబోర్డులో గీతతో ఉన్న అక్షరం దొరకని రోజుల్లో చాలామంది దాని బదులు ఇదే కొట్టేవారు. బల్గేరియన్‌లో ఆ ఒక్క అక్షరంతో మాట లేదు కాబట్టి 1117గా మార్చవచ్చు. జాబితాలో, వర్ణమాలలో దాని తర్వాత వచ్చే ‘క’, ‘ల’ లాగా వరస గుర్తుగా వాడారేమో ముందు చూడండి.

సమస్య: మాసిడోనియన్ పాఠ్యంలో ‘సె’ అన్న చిన్న మాట సగం దొరుకుతుంది, సగం దొరకదు.

కారణం: గీత ఉన్న సిరిలిక్ ‘ఎ’ 1104 బదులు, అచ్చం అలాగే కనిపించే లాటిన్ అక్షరం 232 పడింది. పక్కన సిరిలిక్ అక్షరాలున్న చోట మాత్రమే మార్చండి. ఫ్రెంచి పేర్లలో 232 న్యాయంగానే ఉంటుంది.

ఇక గీత పక్కకు జరిగినా, ఆ ఒక్క అక్షరం వేరే ఫాంట్‌లో కనిపించినా ఫాంట్ లోపమే. 1037, 1117 రెండూ ఉన్న ఫాంట్ పెట్టండి. శీర్షికలన్నీ పెద్దక్షరాల్లో వేసే డిజైనైతే 1037ను విడిగా పరీక్షించండి.