పార్సిల్ పగిలింది, క్లెయిమ్ తిరిగొచ్చింది: ఆన్‌లైన్ సెల్లర్లకు సమస్య - పరిష్కారం

పోస్టాఫీసు వాళ్లు మీ వస్తువు పగల్లేదని వాదించడం అరుదు. పగిలిందని ఒప్పుకుంటూనే మూడు విషయాలు అడుగుతారు. మా చేతిలో ఉండగానే పగిలిందా? మీ ప్యాకింగ్ దానికి తగ్గట్టు ఉందా? దాని విలువ ఇంత అనడానికి కాగితం ఏది? వీటిలో రెండింటికి జవాబు పార్సిల్ బుక్ చేసిన రోజే మీ దగ్గర తయారుగా ఉండాలి. పగిలాక వెతుక్కుంటే దొరికేది తక్కువ.

గడువులు, ఫారాలు, పరిమితులు ఒక్కో దేశపు తపాలా శాఖకు ఒక్కోలా ఉంటాయి. క్లెయిములు తిరిగొచ్చే కారణాలు మాత్రం ఎక్కడైనా ఇంచుమించు ఇవే. మీ కేసుకు దగ్గరగా ఉన్నది చూసుకోండి.

సమస్య: "ఈ పార్సిల్‌కు ఇన్సూరెన్సే లేదు" అంటున్నారు

కారణం: ట్రాకింగ్ వేరు, రిజిస్ట్రేషన్ వేరు, ఇన్సూరెన్స్ వేరు. ట్రాకింగ్ నంబరు ఉంది కాబట్టి బీమా కూడా ఉందనుకునేవాళ్లు చాలామంది. విదేశాలకు పంపేవాళ్లది ఇంకో పొరపాటు. కస్టమ్స్ కోసం సీఎన్ 22, సీఎన్ 23 ఫారాల మీద రాసే విలువనే బీమా విలువ అనుకుంటారు. అది సుంకం లెక్కకు మాత్రమే. బీమా విలువను విడిగా చెప్పి, దానికి రుసుము కట్టాలి.

పరిష్కారం: రసీదు తీసి, బీమా మొత్తం అని విడిగా ఒక అంకె ఉందేమో చూడండి. లేకపోయినా వెంటనే వదిలేయొద్దు. దేశాల తపాలా సంస్థలకు ఉమ్మడి నిబంధనలు పెట్టే యూనివర్సల్ పోస్టల్ యూనియన్ నిబంధనల్లో, బీమా లేని అంతర్జాతీయ పార్సిల్ దెబ్బతిన్నా బరువును బట్టి కొంత పరిహారం ఉంది. దాన్ని అంతర్జాతీయ ద్రవ్యనిధి వాడే ఎస్‌డీఆర్ (స్పెషల్ డ్రాయింగ్ రైట్స్) యూనిట్లలో లెక్కగడతారు. చిన్న మొత్తమే, అయినా అడిగితేనే వస్తుంది. ఉత్తరాల తరగతిలో వెళ్లే, రిజిస్టర్ చేయని స్మాల్ ప్యాకెట్‌గా పంపి ఉంటే మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

సమస్య: "ప్యాకింగ్ సరిపోలేదు" అని కొట్టేశారు

ఎక్కువ క్లెయిములు పోయేది ఇక్కడే.

కారణం: తనిఖీ చేసే మనిషి ముందు చూసేది వస్తువును కాదు, పెట్టెను. బయటి అట్టపెట్టె నలిగి, మూల లోపలికి కుంగి, టేపు ఊడి ఉంటే రవాణాలో దెబ్బ తగిలినట్టు లెక్క. పెట్టె చెక్కుచెదరకుండా ఉండి లోపలిది మాత్రం ముక్కలైతే వేలు మీవైపే చూపిస్తారు.

పింగాణీ కూజా ఒకటి పంపారనుకోండి. ముక్కు విరిగింది, పెట్టెకు గీత కూడా పడలేదు. ఆ పెట్టె లోపలి గోడ మీద టార్చి వేసి చూడండి. ముక్కు తగిలిన చోట గుండ్రంగా చిన్న గుంట పడి ఉంటుంది. అంటే కూజా లోపల జరిగి గోడను గుద్దుకుంది, మధ్యలో మెత్తన (బబుల్ ర్యాప్, కాగితాల్లాంటిది) లేదు. తనిఖీ అధికారికి ఆ గుంట ఒక్కటి చాలు. పంపినవారి నిర్లక్ష్యం వల్ల జరిగిన నష్టానికి తపాలా సంస్థ బాధ్యత వహించదన్న నిబంధన యూనివర్సల్ పోస్టల్ యూనియన్ ఒప్పందంలోనే ఉంది.

పరిష్కారం: తిరస్కరణ మీద అప్పీలుకు అవకాశం ఉంటే కోపంగా ఉత్తరం రాయడం కంటే ఫొటోలు పెట్టడం మేలు. మూతపెట్టే ముందు తీసినది, మూతపెట్టాక ఆరు వైపులా తీసినవి, పెట్టె అందాక కొన్నవారు తీసినవి. మొదటి రకం మీ దగ్గర లేకపోతే అదే తరహా ఆర్డరును ఎలా ప్యాక్ చేస్తారో చూపించొచ్చు, కానీ దాని బలం తక్కువ.

ఇకమీదట పెళుసు వస్తువు ప్రతిదానికీ సీలు వేసే ముందు ఒక ఫొటో తీయండి, ఆర్డర్ నంబరు రాసిన చీటీ అందులో కనబడాలి. వస్తువుకు, పెట్టె గోడకు మధ్య అన్ని వైపులా కనీసం అయిదు సెంటీమీటర్ల మెత్తన ఉండాలి. అడుగున, పైన కూడా. చాలామంది పక్కలు మాత్రమే నింపి అడుగు మర్చిపోతారు. సీలు వేశాక పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని ఊపండి, లోపల ఏదైనా కదిలిన చప్పుడైతే విప్పి మళ్లీ నింపాల్సిందే. సెట్టులోని వస్తువులను విడివిడిగా చుట్టాలి. బాగా పెళుసైనవాటికి పెట్టెలో పెట్టె పద్ధతి వాడండి. ఒకసారి తడిసిన పెట్టె, మూలలు మెత్తబడిన పెట్టె పనికిరావు.

ఫ్రాజైల్ స్టిక్కర్ మీద నాకు పెద్ద నమ్మకం లేదు. కన్వేయర్ బెల్టుకు చదువు రాదు. అతికిస్తే నష్టం లేదు గానీ, దాన్ని చూసి లోపల మెత్తన తగ్గించకండి.

సమస్య: తనిఖీకి తెమ్మన్నారు, కొన్నవారు పెట్టెను పారేశారు

కారణం: అమ్మకం సైట్లు ఫొటో చూసి రిఫండ్ ఇచ్చేస్తాయి. డబ్బు తిరిగొచ్చాక ఆ చెత్త ఇంట్లో ఎందుకని కొన్నవారు పారేస్తారు. వారి తప్పేమీ లేదు, ఉంచమని మీరు చెప్పలేదు.

పరిష్కారం: పగిలిందన్న కబురు అందగానే, రిఫండ్ మాట ఎత్తకముందే ఇలాంటి మెసేజ్ పంపండి:

"నమస్కారమండీ. వస్తువు పగిలినందుకు క్షమించండి, మీ డబ్బుకు నాది పూచీ. చిన్న సాయం చేయాలి. పెట్టె, లోపలి బబుల్ ర్యాప్, కాగితాలు, పగిలిన ముక్కలు అన్నీ పోస్టాఫీసు క్లెయిమ్ తేలేదాకా దాచి ఉంచండి. లేబుల్ కనిపించేలా పెట్టె బయట, లోపల ఫొటోలు తీసి పంపండి. ఇప్పుడే నాకు తిరిగి పంపొద్దు."

ఆ చివరి వాక్యం వదిలేయకండి. తనిఖీ జరగకముందే పార్సిల్ తిరుగు ప్రయాణం చేస్తే, దెబ్బ వెళ్లేటప్పుడు తగిలిందో వచ్చేటప్పుడు తగిలిందో ఎవరూ తేల్చలేరు. పెట్టె అప్పటికే పోయి ఉంటే ఆ మాట దాచకుండా రాసి, ఉన్న ఫొటోలతో క్లెయిమ్ పెట్టండి. కొన్నిచోట్ల చిన్న మొత్తాలకు ఫొటోలతోనే సరిపెట్టుకుంటారు.

సమస్య: "బాగున్న స్థితిలో అందినట్టు సంతకం ఉంది" అంటున్నారు

కారణం: పార్సిల్ అందజేయడంతో తపాలా సంస్థ బాధ్యత ముగుస్తుంది. తీసుకునేటప్పుడు అభ్యంతరం రాయించినా, విప్పగానే ఆలస్యం చేయకుండా తెలియజేసినా ముగియదు. కొన్నవారు విప్పడానికి పది రోజులు పట్టిందంటే వాదన బలహీనపడుతుంది.

పరిష్కారం: కొన్నవారిని వారి పోస్టాఫీసులో ఆ రోజే ఫిర్యాదు నమోదు చేయించమనండి, నంబరు అడిగి తీసుకోండి. ఖరీదైన ఆర్డర్లకు డెలివరీ ముందురోజు ఒక మాట చెప్పి ఉంచడం మంచిది: పెట్టె నలిగి ఉంటే సంతకంతో పాటు ఆ మాట కూడా రాయించండి అని.

సమస్య: క్లెయిమ్ ఒప్పుకున్నారు, కానీ అడిగినంత ఇవ్వలేదు

కారణం: బీమా మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే. ఇచ్చేది జరిగిన నష్టం ఎంతో అంతే. ఎక్కువ విలువకు బీమా చేసినంత మాత్రాన ఎక్కువ రాదు. పైగా అసలు విలువను మించి బీమా చేయడం అంతర్జాతీయ పార్సిళ్లకు నిబంధనల ఉల్లంఘన. పోయిన లాభం, పోయిన రేటింగు, మళ్లీ పంపడానికైన శ్రమ ఈ లెక్కలోకి రావు. ఆరు కప్పుల్లో రెండు పగిలితే రెండింటికే లెక్కగట్టడం మామూలు.

పరిష్కారం: సైటులో పెట్టిన ధర స్క్రీన్‌షాట్‌కు పెద్ద విలువ ఉండదు, ఎవరైనా ఎంతైనా పెట్టుకోవచ్చు. ఆర్డర్ వివరం, డబ్బు జమ అయిన రికార్డు, మీరు సరుకు కొన్న ఇన్‌వాయిస్ ఇవ్వండి. చేత్తో చేసినవైతే అదే వస్తువు ఇంతకుముందు అమ్ముడైన ఆర్డర్లు, ముడిసరుకు బిల్లులు జతచేయండి. సెట్టుగా తప్ప విడిగా అమ్ముడుపోదనుకుంటే ఆ మాట క్లెయిమ్‌లోనే రాయండి, తర్వాత చెబితే వినడం కష్టం. సుంకం తప్పించడానికి కస్టమ్స్ ఫారం మీద తక్కువ రాసి, క్లెయిమ్‌లో ఎక్కువ అడిగితే మాత్రం నెగ్గుతారని నేను చెప్పలేను. రెండు కాగితాలూ ఒకే ఫైల్లో ఉంటాయి.

సమస్య: విదేశానికి వెళ్లిన పార్సిల్, "క్లెయిమ్ హక్కు మీది కాదు" అన్నారు

కారణం: పార్సిల్ పూర్తిగా పోతే పరిహారం పంపినవారికి. దెబ్బతిన్న పార్సిల్ అందజేశాక ఆ హక్కు అందుకున్నవారిదని కొన్నిచోట్ల లెక్క. ఈ తేడా చాలామంది సెల్లర్లకు తెలియదు.

పరిష్కారం: అలాంటిచోట అందుకున్నవారు తమ హక్కును పంపినవారికి వదులుకోవచ్చేమో అడగండి. రిఫండ్ ఇచ్చేటప్పుడే ట్రాకింగ్ నంబరుతో, సంతకంతో ఆ మేరకు రెండు వాక్యాలు రాయించుకోండి. ఆపైన మీ దేశపు తపాలా శాఖలోనే విచారణ మొదలుపెట్టండి. సీఎన్ 08 అనే ఫారంతో జరిగే ఈ విచారణకు గడువు, పార్సిల్ బుక్ చేసిన మర్నాటి నుంచి ఆరు నెలలు. దేశంలోపలి పార్సిళ్లకు ఇంకా తక్కువ ఉండొచ్చు, కాబట్టి రసీదు వెనక చదవండి.

సమస్య: జవాబే లేదు

కౌంటర్‌లో నోటిమాటగా చెప్పి వచ్చి ఉంటే అది క్లెయిమ్ కాదు. నమోదు నంబరు ఉంటేనే అడగడానికి ఆధారం. నంబరు ఉండి కూడా కదలకపోతే ఆ నంబరు, బుకింగ్ తేదీ, అడిగిన మొత్తం రాసి పై అధికారికి లిఖితపూర్వకంగా పంపండి, నకలు ఉంచుకోండి. ఈలోగా అమ్మకం సైటే మీ నష్టం భర్తీ చేసి ఉంటే ఆ సంగతి కూడా అందులోనే తెలపండి. ఒకే నష్టానికి రెండుచోట్ల డబ్బు తీసుకోవడం మోసం కిందికే వస్తుంది.