పాత ప్లాస్టిక్ బొమ్మల జిడ్డు వదలాలంటే

మొన్న అటక సర్దుతుంటే అన్నయ్యా నేనూ చిన్నప్పుడు ఆడుకున్న కార్లు, ఒక మెత్తటి బాతు దొరికాయండి, వైజాగ్ ఉక్కకి దుమ్మూ జిడ్డూ కలిసిపోయి పట్టుకుంటే వేళ్ళకి బంకలా అంటుకుంటున్నాయి.

లీటరు గోరువెచ్చని నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ అర టీస్పూన్ వేసి, బొమ్మల్ని పది నిమిషాలు నాననిచ్చి పిల్లల మెత్తటి టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్దితే చాలు, మూలల్లోకి ఇయర్‌బడ్ తిప్పండి. బ్యాటరీ పెట్టేవి, స్టిక్కర్లున్నవి, చక్రాలకి ఇనప ఊచ ఉన్నవి మాత్రం నానబెట్టొద్దు, అసలే సముద్రపు గాలికి తుప్పు పట్టి ఉంటాయి, అదే నీళ్ళలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, మంచినీళ్ళ గుడ్డతో ఇంకోసారి తుడిచేయండి. ఎండలో పెట్టకుండా ఫ్యాన్ కింద ఆరబెట్టండి. బాతుకి కింద కన్నం ఉంటే లోపలి నీళ్ళు నొక్కేసి, కన్నం కిందకి ఉండేలా రాత్రంతా వదిలేయాలి, నా బాతుని నొక్కితే నల్లటి నీళ్ళొచ్చాయి బాబోయ్.

తొందరపడి నెయిల్ పాలిష్ రిమూవర్ మాత్రం వాడకండి, నేను ఒక కారు బానెట్ మీద రుద్దితే మెరుపు పోయి తెల్లగా గరుకుగా అయిపోయింది, అన్నయ్యకి ఇంకా చెప్పలేదు.

కడిగిన కొన్నాళ్ళకే మెత్తటి బొమ్మ మళ్ళీ బంకగా అయితే అది మురికి కాదు, ప్లాస్టిక్ మెత్తగా ఉండటానికి కలిపిన నూనెలాంటిది బయటికి వస్తోందన్నమాట. దానికి ఈ చిట్కా పనిచేయదు, అలాంటివి నోట్లో పెట్టుకునే పిల్లలకి ఇవ్వకండి.