ఆందోళన వదలకపోతే: సమస్య, కారణం, పరిష్కారం

సమస్య: ఉన్నట్టుండి గుండె దడ, ఊపిరి అందనట్టు ఉండటం, వేళ్లలో తిమ్మిరి, ప్రాణం పోతుందేమోనన్న భయం.

కారణం: ముప్పు ముంచుకొచ్చిందనుకుని శరీరం అడ్రినలిన్ అనే హార్మోన్‌ను విడుదల చేస్తుంది. ఊపిరి వేగం పెరిగి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. తిమ్మిరి, తల తిరగడం చాలావరకు అందువల్లే. ఈ ఉద్ధృతి సాధారణంగా 10 నిమిషాల్లో తారస్థాయికి చేరి, ఆపైన తగ్గుముఖం పడుతుంది.

పరిష్కారం: మొదటిసారి వచ్చినా, ఛాతీలో నొప్పి ఉన్నా వెంటనే వైద్యుడికి చూపించుకోండి. గుండె లయలో తేడాలు, థైరాయిడ్ అతిగా పనిచేయడం కూడా ఇలాగే కనిపిస్తాయి. అవేవీ కావని తేలాక, దడ మొదలైనప్పుడు పారిపోకుండా ఊపిరిని నిదానంగా వదులుతూ ఉన్నచోటే ఉండండి.

సమస్య: భయపెట్టేవన్నీ మానేశాను, అయినా భయం పెరుగుతూనే ఉంది.

కారణం: మానేయడమే. దీన్ని ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. లిఫ్టు ఎక్కకుండా మెట్ల దారి పట్టిన ప్రతిసారీ మనసు తేలికపడుతుంది. ఆ తేలికే ‘తప్పించుకున్నాను కాబట్టి బతికాను’ అనే పాఠం నేర్పుతుంది. లిఫ్టులో ఏమీ జరగదని తెలుసుకునే అవకాశం మాత్రం రాదు. ‘నాకేమీ కాదు కదా’ అని ఇంట్లోవాళ్లను పదేపదే అడగడమూ ఇలాంటిదే. ఇది పిరికితనం కాదు, నేర్చుకున్న అలవాటు. అందుకే మార్చుకోవచ్చు.

పరిష్కారం: కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే ఆలోచనల తీరును, అలవాట్లను మార్చే మాటల చికిత్స. 1960లలో మానసిక వైద్యుడు ఆరన్ బెక్ దీనికి పునాది వేశారు. థెరపిస్టు మీతో కలిసి భయాలను చిన్నదాని నుంచి పెద్దదాని వరకు వరుసగా రాయిస్తారు. మొదట లిఫ్టు దగ్గర నిలబడటం, తరువాత తోడుతో ఒక అంతస్తు, ఆపైన ఒంటరిగా. ఎక్కే ముందు ఏం జరుగుతుందని భయపడ్డారో, దిగాక నిజంగా ఏం జరిగిందో రెండూ రాసుకోవాలి. ఆ రెండింటి మధ్య తేడాయే మందు.

సమస్య: పడుకోగానే ఆలోచనల సుడి.

పరిష్కారం: సాయంత్రం ఒక పావుగంట చింతలకే కేటాయించి కాగితం మీద పెట్టండి. మధ్యాహ్నం దాటాక కాఫీ వద్దు. నెలల తరబడి అదుపు తప్పితే థెరపిస్టును కలవండి.

సమస్య: థెరపీకి వెళ్తున్నా మార్పు లేదు.

కారణం: రెండు మూడు సార్లకే తీర్పు చెప్పేయడం, లేదా థెరపిస్టు ఇంట్లో చేయమన్న అభ్యాసం చేయకపోవడం. సాధారణంగా 12 నుంచి 20 సార్లు కలవాల్సి ఉంటుంది.

పరిష్కారం: కుదరడం లేదని థెరపిస్టుకే చెప్పండి. వారు నొచ్చుకోరు, పద్ధతి మారుస్తారు. అవసరమైతే మందులు తోడవుతాయి. అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, సొంతంగా ఆపేయకూడదు. చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం తదుపరి అపాయింట్‌మెంట్ దాకా ఆగవద్దు. ఆ క్షణమే దగ్గరివారికి చెప్పి, అత్యవసర వైద్యసాయం తీసుకోండి.