4294967297 నా ప్రోగ్రాంలో 1 ఎందుకైంది?

32 రెండ్లను ఒకదానితో ఒకటి గుణించి ఒకటి కలిపితే 4294967297. రెండ్ల లెక్కను 1, 2, 4, 8, 16, 32 ఇలా రెట్టింపు చేస్తూ పోతే ఒక వరస వస్తుంది. ఈ వరసలోని సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలేనని గణితవేత్త ఫెర్మా నమ్మాడు. 3, 5, 17, 257, 65537 వరకు అది నిజమే. ఆ తర్వాతి సంఖ్య ఇదే. దీన్ని 1732లో మరో గణితవేత్త ఆయిలర్ కారణాంకాలుగా విడగొట్టాడు. నేనూ చేసి చూడాలని సీ భాషలో చిన్న ప్రోగ్రాం రాశాను. కారణాంకాలు ఒక్కటీ రాలేదు.

రెండు రోజులు లూప్‌లోనే తప్పు వెతికాను. ఎంత టెన్షన్ పడ్డానో! చివరికి అసలు సంఖ్యనే ప్రింట్ చేస్తే 1 అని వచ్చింది. నేను వాడింది ఇంట్, అంటే పూర్ణసంఖ్యను దాచే రకం; నా మెషీన్‌లో దానికి 32 బిట్లే, అంటే 0, 1 అంకెలకు 32 గళ్లే. ఈ సంఖ్యకు 33 కావాలి. పైనున్న బిట్ జారిపోయి, కలిపిన ఆ ఒకటే మిగిలింది. కంపైలర్ హెచ్చరిక ఇచ్చినా నేను చదవలేదు. ఇంట్ తీసేసి, ఇంకా పెద్ద సంఖ్యలు పట్టే లాంగ్ లాంగ్ పెట్టగానే సరిపోయింది.

అయినా ఆయిలర్ దారిలోనూ వెళ్లాలనిపించింది. దీని ప్రధాన కారణాంకం ఏదైనా సరే, 64తో భాగిస్తే 1 మిగలాలని ఆయన నిరూపించాడు. అలాంటి ప్రధాన సంఖ్యలు వరసగా 193, 257, 449, 577, 641. ఐదోదానికే తెగింది: 641 × 6700417. రెండోది కూడా ప్రధాన సంఖ్యే. కాగితం మీద గుణించి చూసుకున్నాను, చివరి అంకె దాకా సరిపోయింది.