నెట్‌తో పోటీ పడే పుస్తకం వేయకండి

ఈ ఇంటర్నెట్ కాలంలో అచ్చు పుస్తకాలు వేసి నిలబడాలంటే, రోజూ మారే సమాచారాన్ని కాగితం మీద వేయడం ముందు ఆపేయండి, అక్కడ ఇంటర్నెట్‌ని గెలవలేం. బ్రిటానికా విజ్ఞాన సర్వస్వమే 2012లో అచ్చుకి స్వస్తి చెప్పింది. దాచుకునేవి, కానుకగా ఇచ్చేవి ఎంచుకోండి. పాటలన్నీ ఫోన్‌లో దొరుకుతున్నా అమెరికాలో 2022లో వినైల్ రికార్డులు (పాతకాలపు గ్రామఫోన్ ప్లేట్లలాంటివి) సీడీల కంటే ఎక్కువ అమ్ముడయ్యాయి, 1987 తర్వాత అదే మొదటిసారి!

వేల కాపీలతో గోడౌన్ నింపొద్దు. ముందే ఆర్డర్లు తీసుకుని, వచ్చినన్నే డిజిటల్ ప్రెస్‌లో వేయించండి. ఎక్కువ కాపీలు ఆఫ్‌సెట్‌లో (ప్లేట్లు చేసి పెద్ద సంఖ్యలో అచ్చేసే పద్ధతిలో) వేయించినదాంతో పోలిస్తే కాపీకి ఖర్చు కాస్త ఎక్కువే పడుతుంది గానీ, డబ్బు అట్టపెట్టెల్లో ఇరుక్కోదు.

బైండింగ్ దగ్గర మాత్రం దయచేసి పిసినారితనం వద్దు. జిగురుతో అతికించిన లావు పుస్తకాన్ని పూర్తిగా విప్పితే వెన్ను విరిగి పేజీలు ఊడొచ్చు, అదే ఫారాలు (మడతపెట్టిన పేజీల కట్టలు) దారంతో కుట్టించారనుకోండి, బల్ల మీద చక్కగా పరుచుకుంటుంది, రెండు పేజీల బొమ్మ మధ్యలో నలిగిపోదు.

కొనేవాళ్లకి రుచి తెలిసేలా పుస్తకంలోని కొన్ని పేజీలు నెట్‌లో ఉచితంగా పెట్టండి.